టీ కొట్లో క్షణంలో వెళ్లే యూపీఐ బస్సులో ఎందుకు తిరుగుతూ ఉంటుంది? టికెట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

పల్లెవెలుగు_ప్రయాణికుడు · సోమవారం, రాత్రి 8:40

రోజూ మా ఊరి నుంచి టౌనుకి ముప్ఫై కిలోమీటర్లు బస్సులోనే వెళ్లొస్తాను. ఈ ఉదయం చెరువుకట్ట దాటాక కండక్టర్ నా దగ్గరికొచ్చారు. మిషన్ తెర మీద క్యూఆర్ చూపించారు. స్కాన్ చేసి పిన్ కొట్టాను. ఇక చక్రం తిరుగుతూనే ఉంది. ఆయన మిషన్ నా ముందు పట్టుకుని నిలబడిపోయారు. ఈలోగా తర్వాతి స్టేజీ వచ్చింది, తొమ్మిది మంది ఎక్కారు. వాళ్లకి టికెట్లు కొట్టాలి, నన్ను వదిలి కదల్లేరు. కాసేపటికి నా ఖాతాలో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది గానీ మిషన్‌కి మాత్రం కబురు అందలేదు. పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ, తనకేమో ఆడవాళ్లకిచ్చే ఫ్రీ జీరో టికెట్, కొంగు ముడి విప్పి నా టికెట్ డబ్బులు తీసిచ్చింది. చాలా ఇబ్బందిగా అనిపించింది.

తప్పు ఎవరిదని అడగడం లేదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. టీ కొట్లో రెండు క్షణాల్లో అయ్యే పని బస్సులో ఎందుకు అవ్వదు? వేరే ఊళ్లలో, దేశాల్లో ఎలా చేస్తున్నారు? అసలు మన దగ్గర ఈ టికెట్ కొట్టే పద్ధతి ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

రిటైర్డ్_కండక్టర్ · సోమవారం, రాత్రి 9:25

తమ్ముడూ, నేను 1984లో బస్సెక్కాను, 2016లో దిగాను. ఈ చేతులతో రెండు రకాలుగా టికెట్లిచ్చాను.

మొదట్లో చేతి టికెట్లే. ఒక్కో విలువకు ఒక్కో కట్ట. చార్జీ ఒకే టికెట్‌తో సరిపోకపోతే రెండు మూడు విలువలు కలిపి చింపాలి. ఎడమ చేతిలో కట్టలు, కుడి చేతిలో టికెట్‌కి చిల్లు కొట్టే పంచ్, చంకలో తోలు సంచి, నోట్లో విజిల్. వేలు తడి చేసుకుంటూ చింపుతుంటే సాయంత్రానికి బొటనవేలి మీద చర్మం ముడతలు పడేది.

మీరెవరూ చూడని పని ఇంకొకటుంది, ఎస్.ఆర్. రాయడం. ప్రతి స్టేజీ దగ్గర ఏ కట్ట ఏ నంబరు దాకా తెగిందో కాగితంలో ఎక్కించాలి. చెకింగ్ వాళ్లు ఎక్కారంటే ముందు చూసేది అదే. ఆ నంబర్లను బట్టి బస్సులో ఎంతమంది ఉండాలో లెక్కవేసి తలలు లెక్కపెడతారు. తేడా వస్తే కేసు. నిండు బస్సులో, గతుకుల రోడ్డు మీద, రాత్రిపూట ఆ గుడ్డి బల్బు కింద రాసేవాళ్లం. ఎస్.ఆర్. మూయకుండా స్టేజీ దాటించామంటే మనసు నిలిచేది కాదు.

తర్వాత టిమ్ అనే టికెట్ మిషన్లొచ్చాయి. ఎక్కడినుంచి, ఎక్కడికి, పెద్దలెందరు, పిల్లలెందరు అని నొక్కితే టికెట్ బయటికొస్తుంది. కూడికలు పోయాయి, ఎస్.ఆర్. బాధ పోయింది. చేతి టికెట్ల రోజుల్లో ప్రయాణికుడు దిగుతూ పారేసిన టికెట్‌నే ఇంకొకరికి అంటగట్టే మోసం కొన్నిచోట్ల ఉండేది. మిషన్ టికెట్ మీద తేదీ, టైము, సర్వీసు నంబరు పడతాయి కాబట్టి అది కుదరదు. నిజాయితీగా పనిచేసేవాడికి టిమ్ వచ్చిన రోజు పండగే, ఎందుకంటే అందరినీ ఒకే కళ్లతో చూసే అనుమానం కొంత తగ్గింది. అయితే అదే మిషన్ డ్రైవర్ చేతికిచ్చి కండక్టర్ లేకుండా నడిపే సర్వీసులూ వచ్చాయి. బండి తోలే మనిషి మీదే టికెట్ల బాధ్యత కూడా పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మిషన్ వచ్చినా తీరనిది చిల్లర. అది రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

గేటు_ఇంజినీర్ · సోమవారం, రాత్రి 11:02

మెట్రో గేట్ల సాఫ్ట్‌వేర్ మీద పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్తాను.

టీ కొట్టు కదలదు, బస్సు కదులుతుంది. మీరు పిన్ కొట్టాక ఆ కబురు మీ యాప్ నుంచి యూపీఐ నడిపే ఎన్‌పీసీఐకి, అక్కడినుంచి మీ బ్యాంకుకి, తిరిగి అక్కడికి, అవతలి బ్యాంకుకి వెళ్లి రావాలి. ఆ తర్వాత "డబ్బు వచ్చింది" అని కండక్టర్ మిషన్‌కి ఇంకో దారిలో చేరాలి. అంటే మీ ఫోన్‌కి ఒక సిగ్నల్, ఆయన మిషన్‌కి ఇంకో సిగ్నల్, రెండూ ఒకే నిమిషంలో బాగుండాలి. ఈ ఉదయం మీ వైపు పని అయింది, ఆయన వైపు అవ్వలేదు. టీ కొట్లో అయితే స్పీకర్ పలకకపోయినా మీ ఫోన్‌లో పచ్చ టిక్కు చూసి కొట్టాయన సరే అంటాడు. కండక్టర్‌కి ఆ వెసులుబాటు లేదు, మిషన్ టికెట్ ఇస్తేనే ఆయన లెక్క కుదురుతుంది.

ఇప్పుడు మెట్రో చూడండి. ఢిల్లీలో 2002 డిసెంబరులో మొదలైనప్పుడు టోకెన్లూ కార్డులే. హైదరాబాద్‌లో 2017 నవంబరులో వచ్చిన బిళ్లలూ ఆ కుటుంబమే. ఆ ప్లాస్టిక్ బిళ్ల లోపల చిన్న చిప్పు, చుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. బ్యాటరీ ఉండదు. గేటు దగ్గర పెడితే గేటు నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే దానికి ప్రాణం వస్తుంది. ఎక్కడ ఎక్కారు, ఎంత చెల్లించారు అన్నది బిళ్లలోనే రాసి ఉంటుంది. గేటు ఎవరినీ అడగనక్కర్లేదు. చదువుతుంది, రాస్తుంది, తెరుచుకుంటుంది. ఇదంతా అర సెకను లోపే. దిగేటప్పుడు బిళ్లను మింగి, తుడిచి, ఇంకొకరికి ఇస్తుంది. దేశంలో మొదటి మెట్రో కోల్‌కతాలో 1984లో వచ్చినప్పుడు ఇదే పని వెనక అయస్కాంతపు పట్టీ ఉన్న కాగితం టికెట్ చేసేది.

నగదు రోజుల్లో డబ్బు చేతిలో ఉండేది. కార్డు వచ్చాక చిప్పులోకి వెళ్లింది. యూపీఐలో ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. చేతిలో ఉన్నదానికీ, చిప్పులో ఉన్నదానికీ సిగ్నల్ అక్కర్లేదు. మీ ఆలస్యమంతా ఇక్కడే ఉంది.

అట్టటికెట్టు · మంగళవారం, ఉదయం 6:50

బస్సుల చర్చలో రైలు తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సికింద్రాబాద్ పేరు రాకుండా ఈ కథ పూర్తి కాదు.

చిన్నప్పుడు కౌంటర్‌లో ఇచ్చే మందపాటి అట్ట టికెట్ గుర్తుందా? వేలెడంత ఉండేది. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే రైల్వే ఉద్యోగి 1830ల చివర్లో కనిపెట్టిన పద్ధతి అది. ముందే నంబర్లు వేసి అచ్చేసిన అట్టలు, తేదీ ముద్ర వేసే ఇనుప యంత్రం. గుమస్తా అట్టను అందులో దూర్చి లాగితే టక్కుమని శబ్దం వచ్చేది. ఆ శబ్దం వింటే చాలు, నాన్నకి టికెట్ దొరికిందని వరండాలో కూర్చున్న మాకు తెలిసిపోయేది. మన దేశంలో నూరేళ్లకు పైగా నడిచింది.

రిజర్వేషనైతే పెద్ద రిజిస్టర్లలో చేత్తో రాసేవారు. కంప్యూటర్ రిజర్వేషన్ 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైంది. తర్వాత రైల్వేల సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను 1994లో మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ 1999లో ఒకదానితో ఒకటి కలిశాయి. ఏ ఊళ్లో కూర్చుని ఏ రైలుకైనా టికెట్ తీయగలగడం అప్పుడు వచ్చింది. 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్. ఇప్పుడు కుర్రాళ్లు ఇది ఎప్పటినుంచో ఉందనుకుంటారు గానీ, తిరుగు ప్రయాణానికి బెర్తు దొరుకుతుందో లేదో తెలియకుండా కాశీకి బయల్దేరిన ఇల్లు మాది.

రిటైర్డ్_కండక్టర్ · మంగళవారం, ఉదయం 8:15

చిల్లర సంగతి చెప్తానన్నాను.

పొద్దున మొదటి ట్రిప్పుకి డిపోలో ఇచ్చే చిల్లర రెండు స్టేజీలకే అయిపోతుంది. ఎక్కినవాళ్లంతా పెద్ద నోట్లే తీస్తారు. అప్పుడు టికెట్ వెనక ఇవ్వాల్సింది రాసి సంతకం లాంటి గీత గీసి ఇచ్చేవాణ్ణి. దిగేటప్పుడు ఆ టికెట్ చూపించి తీసుకోవాలి. మర్చిపోయి దిగిపోయినవాళ్లు ఉండేవారు. కిటికీలోంచి కేకేసి నోటు చుట్టి విసిరిన రోజులున్నాయి, అందనివీ ఉన్నాయి. అందనిది రాత్రి క్యాష్ కట్టేటప్పుడు సంచిలో ఎక్కువ వస్తుంది. ఎక్కువొచ్చినా సంజాయిషీ, తక్కువొచ్చినా సంజాయిషీ.

ఇంకోటి, ఇద్దరికి కలిపి ఒకే నోటు ఇచ్చి "దిగాక పంచుకోండి" అనేవాళ్లం. ముక్కూమొహం తెలియని ఇద్దరు బస్టాండులో పాన్ షాపు దగ్గర నిలబడి పంచుకునేవారు. ఒకసారి అలా కలిపి పంపిన ఇద్దరిలో ఒకాయన, రెండో ఆయనకు కంగారుగా ఉంది, బస్సు తప్పిపోతుంది అని మొత్తం నోటు ఆయనకే ఇచ్చేసి, మర్నాడు నవ్వుతూ నాతో చెప్పాడు.

అందుకే యూపీఐ వచ్చిందంటే నాకు సంతోషమే. మా డిపోలో ఇప్పుడున్న కుర్రాళ్లు చెప్తారు, చిల్లర గొడవలు సగానికి సగం తగ్గాయట. ఈ ఆలస్యం ఒక్కటీ తీరితే చాలు.

క్రాయిడన్_తెలుగు · మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను దక్షిణ లండన్‌లో ఉంటాను, మా ఊరు తెనాలి. ఇక్కడ 2003లో ఆయిస్టర్ కార్డు వచ్చింది. ఇంజినీర్ గారు చెప్పినట్టే డబ్బు చిప్పులో. 2012 డిసెంబరు నుంచి బస్సుల్లో, 2014 సెప్టెంబరు నుంచి ట్యూబ్ అనే భూగర్భ రైల్లో మామూలు బ్యాంకు కార్డే ఆనిస్తే సరిపోతోంది. ఇక్కడో తెలివైన పని చేశారు. మీరు కార్డు ఆనించినప్పుడు బ్యాంకుని అడగరు. కార్డు సరైనదేనా, బాకీ పడి ఆపేసిన కార్డుల జాబితాలో ఉందా అని మాత్రం చూసి లోపలికి పంపుతారు. ఆ రోజు మీరు తిరిగినదంతా రాత్రికి లెక్కగట్టి ఒకేసారి డబ్బు తీసుకుంటారు. రోజుకి ఇంతకు మించి పడదు అని పైహద్దు కూడా ఉంది కాబట్టి, ఏ పాసు కొనాలో ముందుగా తలపట్టుకోనక్కర్లేదు.

బస్సుల్లో నగదు 2014 జులై 6 నుంచి పూర్తిగా ఆపేశారు. అప్పటికి నగదు ఇచ్చేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. మన దగ్గరా ధైర్యం చేసి అలా చేసేస్తే ఈ సమస్య ఉండదని నా అభిప్రాయం.

నల్గొండ_టీచర్ · మంగళవారం, సాయంత్రం 6:05

క్రాయిడన్ అన్నయ్యా, మీ చివరి మాటతో నేను ఒప్పుకోను. మా బడికి వచ్చే పిల్లల అమ్మానాన్నల్లో మిరపకోతకి వెళ్లేవాళ్లున్నారు. కూలీ డబ్బు నోట్లలో వస్తుంది, బస్సులోనూ నోటే ఇస్తారు. మా అమ్మకి ఫోన్ ఉంది, మాట్లాడటానికే. లండన్‌లో నూటికి ఒకరు కూడా లేనప్పుడు ఆపారని మీరే రాశారు. ఇక్కడ ఎందరో చూసి మాట్లాడాలి.

జీరో టికెట్ గురించి కూడా రెండు మాటలు. మా దగ్గర మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది, ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న. డబ్బు తీసుకోనప్పుడు టికెట్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఎంతమంది ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లారో ఆ టికెట్టే లెక్క. ప్రభుత్వం సంస్థకి ఇవ్వాల్సిన డబ్బుకి అదే ఆధారం. అందుకే కొందరు ఆడవాళ్లు "ఫ్రీయే కదా" అని టికెట్ తీసుకోకుండా కూర్చుంటే నేను ఊరుకోను. మన ప్రయాణం లెక్కలోకి రావాలి. లెక్కలోకి రాని బస్సు రేపు ఆ రూటులో ఉండకపోవచ్చు.

అయితే కండక్టర్ పని తగ్గలేదు, పెరిగింది. ఒక్కొక్కరి ఆధార్ చూడాలి, ఒక్కొక్కరికీ నొక్కాలి. మా బస్సులో ఉదయం ఎనిమిదింటికి నిలబడటానికి చోటుండదు. ఆ రద్దీలో ఒక్క యూపీఐ ఇరుక్కుంటే వెనకున్న ముప్ఫై మంది ఆగిపోతారు. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

క్రాయిడన్_తెలుగు · మంగళవారం, సాయంత్రం 7:20

చెల్లెమ్మా, మీరన్నది నిజం. నేను తొందరపడి రాశాను. ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. నగదు ఆపినప్పుడు ఇక్కడ కూడా, కార్డులో డబ్బు చాలకపోయినా ఒక్క బస్సు ప్రయాణానికి అప్పు ఇచ్చే ఏర్పాటు చేశారు. రాత్రివేళ ఎవరూ రోడ్డు మీద ఉండిపోకూడదని. తర్వాత డబ్బు వేసినప్పుడు అది సర్దుకుంటుంది. కండక్టర్ గారు టికెట్ వెనక రాసి ఇచ్చిన బాకీ గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ ప్రయాణికుడు బాకీ.

యోకోహామా · మంగళవారం, రాత్రి 10:48

జపాన్ నుంచి ఒక చిన్న విషయం. ఇక్కడ సుయికా కార్డు 2001 నవంబరు 18న వచ్చింది. కార్డు చదవడం, రాయడం సెకనులో అయిదో వంతులో అయిపోవాలన్నది లెక్క, లేకపోతే టోక్యో స్టేషన్లలో జనం గేట్ల దగ్గర గుట్టపడిపోతారు. ముందు పరీక్షల్లో చిప్పు బాగానే పనిచేసిందట గానీ, కార్డు ఎక్కడ పెట్టాలో, ఎంతసేపు ఉంచాలో జనానికి తెలియలేదు. కొందరు నిలువుగా పట్టుకున్నారు, కొందరు ఊపేశారు. షుంజి యమనాకా అనే డిజైనర్ రకరకాలుగా చేసి చూసి, చదివే పలకను మనిషి వైపు 13.5 డిగ్రీలు వంచి, దాని చుట్టూ వెలుగు పెట్టారు. దాంతో చెయ్యి తనంతట తానే అక్కడ ఒక్క క్షణం ఆగుతోంది. నేను రోజూ ఆనించేటప్పుడు ఆ వంపుని చూస్తాను. మన బస్సు మిషన్లు తయారుచేసేవాళ్లు ఒక పూట నిండు బస్సులో నిలబడి, ఒక చేత్తో పైకమ్మీ పట్టుకున్న మనిషి రెండో చేత్తో ఎలా స్కాన్ చేస్తున్నాడో చూడాలి అనిపిస్తుంది. అంకె చిన్నది, తెర మీద ఎండ, చెయ్యి అదురుతుంది. సగం ఆలస్యం అక్కడే.

పల్లెవెలుగు_ప్రయాణికుడు · బుధవారం, ఉదయం 7:35

అందరికీ చాలా థాంక్స్. డబ్బు నిన్న సాయంత్రం ఖాతాలోకి తిరిగొచ్చింది. పెద్దావిడకి నిన్ననే ఇవ్వబోయాను. తీసుకోనంది, మనవడికి బిస్కెట్లు కొనిచ్చాను.

ఇంజినీర్ గారూ, ఒక సందేహం. హైదరాబాద్ మెట్రోలో మా తమ్ముడు వాట్సాప్‌లో టికెట్ తీసుకుని క్యూఆర్ చూపిస్తాడు, గేటు వెంటనే తెరుచుకుంటుంది. అదీ క్యూఆరే కదా? మరి ఒకే దేశం ఒకే కార్డు అన్నారు, అది బస్సుల్లో ఎందుకు కనబడదు?

గేటు_ఇంజినీర్ · బుధవారం, ఉదయం 9:10

మంచి ప్రశ్న. మీ తమ్ముడు డబ్బు గేటు దగ్గర కట్టడం లేదు. ఇంట్లోనో, ఆటోలోనో, మెట్లెక్కుతూనో ముందే కట్టేశాడు. 2022 అక్టోబరులో వాట్సాప్ టికెట్లు వచ్చినప్పటి నుంచీ అంతే. గేటుకి చూపించేది కట్టిన టికెట్, అందులో ఎక్కే స్టేషను, దిగే స్టేషను, నకిలీ కాదని చెప్పే గుర్తు ఉంటాయి. బస్సులో మీరు స్కాన్ చేసేది టికెట్ కాదు, డబ్బు అడిగే చీటీ. చూడటానికి రెండూ నల్ల చుక్కల గడులే, చేసే పనులు వేరు. ఆలస్యం క్యూఆర్ వల్ల కాదు, అందరూ కలిసి ఇరుకులో నిలబడ్డ నిమిషంలోనే డబ్బు కట్టడం వల్ల.

ఇక ఆ కార్డు ఎన్‌సీఎంసీ. 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో ప్రధాని ప్రారంభించారు. రూపే కార్డులోనే విడిగా ఒక చిన్న పర్సు ఉంటుంది. అందులో వేసిన డబ్బు సిగ్నల్ లేకపోయినా కట్ అవుతుంది. చెరువుకట్ట మీద కూడా. పద్ధతిగా చూస్తే బస్సుకి ఇంతకన్నా తగింది లేదు. చిక్కు ఎక్కడంటే, ఆ పర్సులో డబ్బు వేయాలంటే కార్డుని ఏదో ఒక మిషన్‌కి ఆనించి చిప్పులో రాయించాలి. మెట్రో స్టేషన్‌లో ఆ మిషన్ ఉంటుంది, మీ ఊరి రచ్చబండ దగ్గర ఉండదు. నా మాట ఏమిటంటే, కండక్టర్ చేతిలోని మిషనే ఆ డబ్బు వేసే పని కూడా చేయాలి. నూరు రూపాయల నోటు ఇస్తే, టికెట్ పోగా మిగిలింది కార్డులో వేసేయాలి. చిల్లరా తీరుతుంది, నోట్లతో బతికేవాళ్లకి కార్డూ అందుతుంది. టీచర్ గారు చెప్పిన మిరపకోత వాళ్లని దృష్టిలో పెట్టుకునే ఈ మాట అంటున్నాను.

నల్గొండ_టీచర్ · బుధవారం, మధ్యాహ్నం 12:50

చిల్లర కార్డులోకి వెళ్లడం చాలా బాగుంది. టికెట్ వెనక రాసేదే చిప్పులో రాస్తారన్నమాట. మా అమ్మకి ఇలా చెప్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

రిటైర్డ్_కండక్టర్ · బుధవారం, రాత్రి 8:00

కార్డు వచ్చేదాకా ఒక ఉపాయం చెప్తాను. మా రోజుల్లో గ్రౌండ్ బుకింగ్ అని ఉండేది. రద్దీ రూట్లలో బస్సు కదలకముందే కింద నిలబడి టికెట్లు కొట్టేసేవాళ్లం. తర్వాత లోపల మిగిలేది దారిలో ఎక్కేవాళ్లే. బస్టాండులో సిగ్నల్ ఉంటుంది కదా. యూపీఐ వాళ్లందరినీ అక్కడే ముందు పూర్తి చేస్తే, చెరువుకట్ట వచ్చేసరికి నగదు, జీరో టికెట్లే మిగులుతాయి. ఇంజినీర్ గారు చెప్పిన "ముందే కట్టేయడం" ఇదే. తమ్ముడూ, మీ కండక్టర్‌తో మర్యాదగా ఒక మాట అని చూడండి. ఆజ్ఞలా చెప్పొద్దు, రోజుకి వందమంది ఆజ్ఞలు వింటాడు.

పల్లెవెలుగు_ప్రయాణికుడు · శనివారం, ఉదయం 10:20

చెప్పాను అన్నా. మీ పేరు కాదు గానీ, ముప్ఫై రెండేళ్లు చేసిన కండక్టర్ గారొకరు అన్నారని చెప్పాను. ఆయన వెంటనే "గ్రౌండ్ బుకింగా, మా నాన్న చేసేవాడు" అన్నారు. వాళ్ల నాన్న కూడా కండక్టరేనట.

ఈ రోజు మా ఊరి వేపచెట్టు కింద బస్సు ఆగగానే ఆయన దిగి, ఫోన్ వాళ్లు ఇటు రండి అన్నారు. ఏడుగురం. అక్కడ సిగ్నల్ రెండు గీతలుంది. ఏడు టికెట్లు అయిపోయాక విజిల్ వేశారు. కట్ట మీదకి వచ్చేసరికి ఆయన బస్సు మధ్యలో నిలబడి పెద్దావిడ ఆధార్ చూసి జీరో టికెట్ కొడుతున్నారు. నా టికెట్ జేబులోనే ఉంది.